కీచురాయి ఏం వింటుంది?

మాది తణుకు నుంచి అత్తిలి పోయే దారిలో ఒక పల్లెటూరు. సొంత చేను ఎకరంన్నర, కౌలుది మూడెకరాలు. దాళ్వాలో కాలువ నీళ్ళు వంతులవారీగా వస్తాయని మీలో సగంమందికి నేను చెప్పనక్కరలేదు. మా వంతు రాత్రిపూట పడిందంటే ఇంట్లో ఎవరో ఒకరు గట్టు మీద కాపలా వుండవలసిందే. కాస్త కునుకు తీస్తే చాలు, ఎవరో ఒకరు మడవ తమ వైపు తిప్పేసుకుంటారు. మొన్న మాఘమాసంలో అలాంటి ఒక రాత్రి తాతయ్యకు తోడుగా నేను వెళ్ళాను.

అర్ధరాత్రి దాటింది. గట్ల మీద కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేట్టు అరుస్తున్నాయి. తాతయ్య చుట్ట వెలిగించుకుని అన్నాడు.

"ఏంట్రా అబ్బాయ్, కీచురాళ్ళు బొత్తిగా లేకుండా పోయినియ్యి. మందులు కొట్టి కొట్టి మొత్తం చంపేశారు. మా రోజుల్లో వీటి గోలకి పక్కనోడి మాట వినపడేది కాదు."

నేను ఏమీ అనలేకపోయాను. ఆయన కూర్చున్న చోటికి బారెడు దూరంలో గడ్డిలోంచి ఒకటి అరుస్తూనే వుంది.

చిన్నప్పుడు మాకు కీచురాయి సంగతి నేర్పింది ఆయనే. "అరుపు ఆగిందంటే గట్టు మీద ఎవరో నడిచొస్తున్నట్టు లెక్క. కళ్ళతో కాదురా, చెవుల్తో కాపలా కాయాలి" అనేవాడు. అలాంటి మనిషికి ఇప్పుడు ఆ అరుపే వినిపించటం లేదు. విచిత్రమేమిటంటే తాతయ్య చెవిటివాడు కాడు. పిలిస్తే పలుకుతాడు. దూరాన వస్తున్న ట్రాక్టరు ఎవరిదో చప్పుడుబట్టి చెబుతాడు. ఒక్క కీచురాయి దగ్గరకు వచ్చేసరికి ఆయన లోకం నిశ్శబ్దం.

ఆ రాత్రి నాకు పట్టుకున్న ప్రశ్న ఇది: వినటం అంటే అసలేమిటి? దాని జవాబు కోసం నేను మనిషిని కాక పురుగునే ఎంచుకున్నాను. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు వున్నాయి. అందులో దారి తెలుసుకోవటం మహామహులకే కష్టం. పురుగు మెదడు ఆవగింజంత. పళ్ళ మీద ముసిరే చిన్న ఈగ మెదడులోని కణాలన్నిటికీ 2024లో పూర్తి పటం గీశారు. లక్షా నలభై వేలకు కొంచెం తక్కువ తేలాయి. ఇంత చిన్న మెదడు శబ్దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో తెలిస్తే, వినటం అనే పనికి అసలు ఏమేం కావాలో తెలుస్తుంది కదా!

మోకాలి కింద చెవి

ముందుగా అరుపు సంగతి. కీచురాయి నోటితో అరవదు. ముందు రెక్కలలో ఒకదాని అడుగున ఆకురాయి లాంటి సన్నని పళ్ళ వరస వుంటుంది. రెండో రెక్క అంచు దాని మీద రాసుకుంటుంది. రెక్కలు ఒకసారి మూసుకుంటే ఒక దెబ్బ. అరిచేది మగది మాత్రమే. ఆడది మౌనంగా విని, ఆ చప్పుడుబట్టి నడుచుకుంటూ వస్తుంది.

వాసన చూసి కాదు, కంటితో చూసి కాదు, శబ్దం విని మాత్రమే వస్తుందని మొదట తేల్చినవాడు ఇవాన్ రేగెన్. స్లొవేనియాలో పుట్టి వియన్నాలో పనిచేసిన ఈయన 1913లో ఒక చక్కని ప్రయోగం చేశాడు. మగ కీచురాయి అరుపును టెలిఫోను తీగ ద్వారా మరొకచోట వున్న ఆడదానికి వినిపించాడు. అది తిన్నగా టెలిఫోను రిసీవరు వైపు నడిచింది!

మరి చెవి ఎక్కడుంది? ముందు కాళ్ళ మీద, మోకాలికి కొంచెం దిగువన. అక్కడ చర్మం పలచబడి చిన్న డోలు చర్మంలా వుంటుంది. దాని వెనక అరవై డెబ్బై గ్రాహక కణాలు మాత్రమే. మన ఒక్కొక్క చెవిలో ఇలాంటి పని చేసే కేశకణాలు సుమారు 15 వేలు. నిజానికి పురుగుకు చెవి ఫలానా చోటే వుండాలని నియమం లేదు. మన రక్తం తాగే దోమ జాతిలో మగదాని చెవి మీసం మొదట్లో వుంటుంది. 1855లో జాన్‌స్టన్ అనే అమెరికన్ దాన్ని వర్ణించాడు గనుక ఆ అంగానికి ఆయన పేరే నిలిచింది. ఆడదోమ రెక్కల రొదను పట్టుకోవటానికి అందులో సుమారు 15 వేల కణాలు. దోమ మీసంలో మన చెవిలో వున్నన్ని!

కీచురాయికి ఇక్కడే ఒక చిక్కు వుంది. శబ్దం ఎటువైపు నుంచి వచ్చిందో మనకెలా తెలుస్తుంది? రెండు చెవుల మధ్య మన తల అడ్డం వుంటుంది కాబట్టి ఒక చెవికి ముందుగా, బిగ్గరగా వినిపిస్తుంది. కీచురాయి రెండు చెవుల మధ్య దూరం సుమారు ఒక సెంటీమీటరు. దాని పాట సెకనుకు దాదాపు 5,000 కంపనాల శబ్దం. అంటే ఒక్కో అల పొడవు ఏడు సెంటీమీటర్లు. అంత చిన్న ఒళ్ళు ఆ అలకు అడ్డమే కాదు.

దీనికి ప్రకృతి కనిపెట్టిన ఉపాయం గొట్టం. రెండు కాళ్ళ చెవులనూ ఛాతీ గుండా ఒక గాలిగొట్టం కలుపుతుంది. కర్ణభేరి మీద శబ్దం బయటినుంచీ పడుతుంది, గొట్టంలో నుంచి లోపలివైపు కూడా పడుతుంది. శబ్దం వచ్చిన దిక్కునుబట్టి ఈ రెండూ ఒకచోట కలిసి బలపడతాయి, మరొకచోట ఎదురై బలహీనపడతాయి. ఆ తేడాను నాడులు ఇంకా పెంచుతాయి. ఛాతీలో కుడికొకటి, ఎడమకొకటి చొప్పున వున్న ఒక కణాల జంట ఒకదాన్నొకటి అణచుకుంటుంది. ఏ వైపు కాస్త గట్టిగా వినిపిస్తే ఆ వైపు కణం రెండోదాని నోరు మూయిస్తుంది. ఇక "అటు నడు" అనటానికి సందేహం లేదు.

ఇద్దరు పడితేనే లేచే బస్తా

దిక్కు తెలిసింది. ఇక అసలు సమస్య. ఒకే గట్టు మీద పది రకాల పురుగులు అరుస్తుంటాయి. వాటిలో తన జాతి మగది ఏదో ఆడది ఎలా గుర్తు పడుతుంది?

ప్రయోగశాలల్లో ఎక్కువగా పెంచే రెండు మచ్చల కీచురాయిని తీసుకుందాం. దాని పిలుపు నాలుగైదు దెబ్బల గుత్తి. ఒక దెబ్బ మొదలైన దగ్గర్నుంచి తరవాతి దెబ్బ మొదలయ్యేదాకా సెకనులో వెయ్యోవంతులు సుమారు 40. ఆడది గుర్తుపట్టేది ఈ ఎడాన్నే. ఎడం బాగా తగ్గినా, బాగా పెరిగినా అది కాలు కదపదు.

ఆ ఎడాన్ని కొలవటానికి దాని తలలో గడియారం లేదు. మరి ఎలా కొలుస్తుంది? 2015లో ష్యోనైఖ్, కోస్తరాకోస్, హెడ్విగ్ అనే శాస్త్రజ్ఞులు కీచురాయి మెదడులోని కణాలలోకి ఒక్కొక్కదానిలోకి సన్నని గాజు సూదులు దింపి విద్యుత్ మార్పులు చూసి జవాబు చెప్పారు. మొత్తం ఐదు కణాలు!

దీన్ని మా వూరి కళ్ళం భాషలో చెబుతాను. ఒక ధాన్యం బస్తా వుంది. దాన్ని ఒక్కడు ఎత్తలేడు, ఇద్దరు ఒకేసారి చెయ్యి వేస్తేనే లేస్తుంది. ఒక దెబ్బ చెవిన పడగానే కబురు మోసే మొదటి కణం మెదడులోకి వచ్చి, ఆ కబురును ఇద్దరు మనుషుల చేతికిస్తుందనుకోండి. ఒకడు అడ్డదారిన తిన్నగా బస్తా దగ్గరకు వస్తాడు. రెండోవాడు గట్టు చుట్టూ తిరిగి వస్తాడు. వాడికి పట్టే సమయం ఎప్పుడూ ఒక్కటే, వెయ్యోవంతులు 40. మొదటి దెబ్బకు బయల్దేరిన అడ్డదారివాడు ఒంటరిగా వచ్చి, ఎత్తలేక వెళ్ళిపోతాడు. చుట్టుదారివాడు ఇంకా నడుస్తూనే వుంటాడు. సరిగ్గా 40 దగ్గర రెండో దెబ్బ పడిందా, దాని అడ్డదారివాడూ మొదటి దెబ్బ తాలూకు చుట్టుదారివాడూ ఒకేసారి బస్తా దగ్గర కలుస్తారు. బస్తా లేస్తుంది! దెబ్బ ముందే పడినా, ఆలస్యంగా పడినా ఒకడు వచ్చేసరికి రెండోవాడు వుండడు.

చుట్టుదారి ఆలస్యం ఎలా పుడుతుందన్నది ఇంకా ముచ్చటైన సంగతి. ఆ దారిలో రెండు కణాలున్నాయి. మొదటిది రెండోదాన్ని రెచ్చగొట్టదు, అణచిపెడుతుంది. అణచిన చెయ్యి తియ్యగానే ఆ రెండో కణం, వంచి వదిలిన వెదురు బద్దలా ఒక్కసారి పైకి ఎగురుతుంది. ఆ ఎగురుపాటే ఆలస్యంగా చేరే కబురు. బస్తా ఎత్తేది నాలుగో కణం. అది నిజంగా లేచిందా, ఉత్త గోలేనా అని వడపోసేది ఐదో కణం. ఇది పలికితే "మనవాడే" అని అర్థం. కీచురాయి తలలో పాట మొత్తం లేదు. ఒక ప్రశ్న మాత్రం వుంది: దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సరిపోయిందా, లేదా? మిగతా లోకమంతా దానికి అక్కరలేదు.

అక్కరలేదని పూర్తిగా అనకూడదు. గబ్బిలం సంగతి వుంది. గబ్బిలం కూత మనకు వినిపించనంత సన్ననిది. ఎగురుతున్న కీచురాయి చెవిన అది పడితే కబురు వేరే కణం మీదుగా పోతుంది. వెంటనే అది పక్కకు తప్పుకుంటుంది. సెకనుకు సుమారు 16 వేల కంపనాలకు లోపలయితే దగ్గరకు రావలసిన శబ్దం, పైనయితే పారిపోవలసిన శబ్దం. మధ్యలో తర్జనభర్జన లేదు. అలాగే నేల అదురును కాళ్ళలోని మరో అంగం పసిగడుతుంది. గాలి కదలికను తోక దగ్గరున్న రెండు కొమ్ముల మీది నూగు పసిగడుతుంది. గట్టు మీద అడుగు పడగానే అరుపు ఆగిపోయేది ఇందుకే. తాతయ్య చెప్పిన కాపలా సూత్రానికి శాస్త్రం ఇదీ.

ఇంకొక్క సంగతి. అంత బిగ్గరగా అరిచే మగ కీచురాయికి తన అరుపుకి తన చెవే ఎందుకు దిబ్బడ పడదు? 2006లో పౌలెట్, హెడ్విగ్ అనేవారు దీనికి కారణమైన కణాన్ని పట్టుకున్నారు. ఒకే ఒక్క కణం. రెక్క మూసే ప్రతిసారీ అది "ఇప్పుడొచ్చేది మన చప్పుడే, పట్టించుకోకు" అని వినికిడి కణాలను ఆ క్షణానికి అణచివేస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య మళ్ళీ వదిలేస్తుంది. అందువల్ల అది అరుస్తూ కూడా పక్కవాడి అరుపు వినగలదు. ఉపన్యాసాలిచ్చే మనవాళ్ళలో కొందరికి ఈ కణం వుంటే బాగుండునని నా మిత్రుడొకడు అన్నాడు. ఎవరి గురించో నేను రాయను.

మనకు వినిపించని పిలుపు

ఇదంతా ఇంట్లో చెబితే నాన్న శ్రద్ధగానే విన్నాడు. చివర్న ఒక్క మాట అడిగాడు. "బానే వుందిరా. మన చేలో దోమపోటుని ఆపుతుందా మీ జువాలజీ?"

నాన్న అలా అడగటానికి కారణం వుంది. మూడేళ్ళ క్రితం సార్వాలో కౌలు చేను పాలు పోసుకునే వేళకు సుడిదోమ పడింది. గట్టు మీంచి చూస్తే చేను పచ్చగా, నిశ్చింతగా వుంది. వారం తిరిగేసరికి నడిమధ్య గుండ్రంగా సుడులు సుడులుగా ఎండి కూర్చుంది. అంతకుముందే ఎవరో చెప్పిన మందు కలిపి రెండుసార్లు కొట్టాం. కొట్టినకొద్దీ పెరిగింది. ఆ యేడు కౌలు ధాన్యం కొలవటానికి అమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. ఇంకా తిరిగి రాలేదు.

నాన్న ప్రశ్నకు జవాబు వెదుకుతూ నేను ఆశ్చర్యపోయిన విషయం ఇది. సుడిదోమ కూడా పిలుస్తుంది! కాని గాలిలో కాదు. ఆడది వరి మొదలు మీద కూర్చుని పొట్టను కిందికీ పైకీ వేగంగా అదిలిస్తుంది. ఆ అదురు కాళ్ళ గుండా కాండంలోకి దిగి, మొక్కలో పాకుతుంది. మొక్క మీద వున్న మగది దాన్ని కాళ్ళతో వింటుంది, తనూ అదిలించి బదులు చెబుతుంది, వెదుక్కుంటూ వస్తుంది. 1974లో ఇచికావా, ఇషీ అనే జపాను శాస్త్రజ్ఞులు దీన్ని బయటపెట్టారు. వరి కాండమే వాటి టెలిఫోను తీగ. రేగెన్ 1913లో కట్టిన తీగ మన చేలల్లో ఎప్పటినుంచో వుందన్నమాట.

ఇక్కడ కూడా గుర్తు లయే. బ్రిటన్‌కు చెందిన క్లారిడ్జ్, ఆయన సహచరులు 1980ల్లో మరో సంగతి చూపించారు. చూడటానికి అచ్చం సుడిదోమే అయినా వరి మీద కాక నీటి పట్టున పెరిగే ఒక గడ్డి మీద బతికే తెగ ఒకటి వుంది. దాని తట్టు వేగం వేరు. రెండు తెగలూ పక్కపక్కనే వున్నా, లయ కలవదు కాబట్టి సంబంధం కలవదు. మన కంటికి ఒకటే పురుగు, వాటి మెదడుకు వేరు వేరు లోకాలు.

మేం గట్టు మీద నిలబడి "చేను నిశ్చింతగా వుంది" అనుకున్న రోజున, ఆ దుబ్బుల మొదళ్ళలో, నీటికి జానెడు పైన, వేల పిలుపులు నడుస్తున్నాయి. తాతయ్యకు కీచురాయి వినపడనట్టే, ఆ రోజు మా ఇంటిల్లిపాదికీ సుడిదోమ వినపడలేదు.

మందు కొట్టినకొద్దీ ఎందుకు పెరిగిందో కూడా ఇప్పుడు తెలుసు. సుడిదోమ గుడ్లు ఆకు తొడిమల లోపల దాగి వుంటాయి. మందు వాటిని అంటదు. అంటేది పైన తిరిగే సాలెపురుగులను, సుడిదోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లిని. కాపలావాళ్ళు పోయాక గుడ్లు పొదుగుతాయి. కొన్ని రకాల మందులతో, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లతో, ఇలా మళ్ళీ విజృంభించటం బాగా తెలిసిన సంగతే. ఈ కారణంతోనే ఇండొనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల మందులను నిషేధించింది.

మరి వాటి పిలుపునే చెడగొట్టి జతలు కలవకుండా చేయలేమా? ఇటలీలో ద్రాక్ష తోటలను పాడుచేసే, ఇలాగే కాండం మీద పిలుచుకునే ఒక పురుగు మీద ఈ ప్రయోగం జరిగింది. పందిరి తీగలకు అదురు పుట్టించే పరికరం తగిలించి, పిలుపుల మధ్య గోల కలిపితే జతకట్టటం బాగా తగ్గిందని 2012లో ప్రకటించారు. ద్రాక్షకు పందిరి తీగ వుంది. మన వరికి ఎకరానికి లక్షల కాండాలు. అందుకని నాన్నతో నిజమే చెప్పాను: "ఇప్పటికిప్పుడు ఆపలేదు నాన్నా. కాని ఎక్కడ వినాలో చెబుతుంది."

ఎక్కడ వినాలి? దుబ్బు మొదట్లో. వారానికోసారి చేలోకి దిగి, దుబ్బులు వంచి, మొదళ్ళు తట్టి, నీటి మీద పడ్డ పురుగుల్ని లెక్కపెట్టాలి. దోమనూ, దాన్ని తినే సాలెపురుగునూ విడివిడిగా లెక్కపెట్టాలి. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి. గాలీ ఎండా మొదళ్ళకు తగులుతాయి, మనిషి దిగి చూడటానికీ దారి వుంటుంది. యూరియా అతిగా వెయ్యకూడదు. అవసరమైతే నీళ్ళు తీసి చేను ఆరగట్టాలి. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు. మన పక్కనే మార్టేరు వరి పరిశోధన కేంద్రం వుంది. 1982లో స్వర్ణ వంగడాన్ని ఇచ్చింది ఆ కేంద్రమే. సుడిదోమను తట్టుకునే విజేత లాంటి వంగడాలూ అక్కడివే. మనం చెవిన పెట్టకపోవటమే మిగిలింది. పోయిన సార్వాలో నాన్న బాటలు వదిలాడు. "బాటల్లో రెండు బస్తాలు పోతాయిరా" అని సణుగుతూనే వదిలాడు.

తాతయ్య దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆయన యవ్వనమంతా డీజిలు ఇంజను పక్కన, ఆ తరవాత రైసుమిల్లులో గడిచింది. మన లోచెవిలో నత్తగుల్ల ఆకారపు గది వుంటుంది. అందులోని కేశకణాలు ఒక్కో వరస ఒక్కో స్థాయి శబ్దానికి కేటాయించి వుంటాయి. యంత్రాల మోత వల్ల ముందు దెబ్బతినేవి సెకనుకు నాలుగు నుంచి ఆరు వేల కంపనాలను వినేవి. వయసు కూడా సన్నని శబ్దాలవైపు నుంచే తినుకుంటూ వస్తుంది. మాటల్లో ఎక్కువ భాగం అంతకంటె బొంగురు శబ్దాలే కాబట్టి మాట నిలిచింది, కీచురాయి పోయింది. పోయిన కేశకణం మనిషిలో మళ్ళీ పుట్టదు. ఆయనకు కరువైంది కీచురాళ్ళు కాదు, ఆ కబురు అందుకునే కొన్ని కణాలు.

ఇది ఆయనకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. తరవాతి వంతు రాత్రి గట్టు మీద కూర్చున్నప్పుడు చెప్పేశాను. ఆయన చుట్ట ఆర్పి, చాలాసేపు గడ్డివైపు చూశాడు.

"అయితే వున్నాయంటావు."

"వున్నాయి తాతయ్యా. నీ కాలి దగ్గరే ఒకటుంది."

"సరే. నీకు వినపడతంది గదా. ఆగితే నాకు చెప్పు."

ఆ రాత్రి తెల్లవార్లూ నేను విన్నాను. మూడో జామున ఒకసారి మా పైచేను గట్టు వైపు అరుపు ఠక్కున ఆగింది. చెప్పాను. తాతయ్య టార్చిలైటు తీసుకుని లేచాడు.